ఛార్టులు ఇక వేరేవాళ్లని రాసుకోమను

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి. తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఏడు వరకూ కాశీనగరం దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో తెలుగు మీడియం, ఎనిమిది నుంచి ఇక్కడ ఒడియా మీడియం. స్కూల్లో గైడ్స్‌లో ఉన్నాను, శనివారం రెండు గంటలు. ఎకో క్లబ్‌లో ఉన్నాను. జూలైలో నాటిన మొక్కలకి ఆదివారం పొద్దున్న గంటన్నర సేపు నీళ్లు పోస్తాను, ఇప్పుడు నేనొక్కదాన్నే వస్తున్నాను. బాలల సైన్స్ కాంగ్రెస్ టీములో కూడా ఉన్నాను, వారానికి మూడు సాయంత్రాలు గంట చొప్పున. మా ప్రాజెక్టు చిరుధాన్యాల మీద. నెట్‌లో ఉన్నది దించి ఛార్టుల మీద రాస్తున్నాం. నేను ఒడియా మాట్లాడితే పిల్లలు నవ్వుతారు, అందుకని స్టేజి ఎక్కను. నా దస్తూరీ బాగుంటుందని మూడు క్లబ్బుల ఛార్టులూ, ఫ్రెండ్స్ ఛార్టులూ నాకే ఇస్తారు. వారానికి నాలుగు రాత్రులు తొమ్మిది నుంచి పదకొండు దాకా అదే పని. లెక్కల్లో 78 వచ్చేవి, ఈసారి 51 వచ్చాయి. నాన్న అన్నీ మానేసి ట్యూషన్‌కి వెళ్లమంటున్నారు. నాన్నకి బజార్లో కిరాణా కొట్టు. కొండ మీద నుంచి వచ్చే సవర గిరిజనులతో వాళ్ల సవర భాషలోనే బేరం చేస్తారు. హ్యూస్టన్‌లో ఉన్న మావయ్య కూతురు, నాకు వదిన వరస, కీ క్లబ్‌లోనూ నేషనల్ ఆనర్ సొసైటీలోనూ ఉంది. ఎన్ని క్లబ్బులుంటే కాలేజీ సీటుకి అంత మంచిదని చెబుతోంది. ఏది మానాలి? నాన్నని ఎలా ఒప్పించాలి? అసలు ఇవన్నీ నాలాంటిదానికి తగినవేనా?

జవాబు: తల్లీ, నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఇది మార్కుల గొడవ అనుకున్నాను. రెండోసారి చదువుతూ ఛార్టుల దగ్గర ఆగిపోయాను. కాగితం తీసుకుని నువ్వు రాసిన గంటలన్నీ కూడి చూశాను. గైడ్స్ రెండు, మొక్కలు ఒకటిన్నర, ప్రాజెక్టు మూడు. మూడు క్లబ్బులూ కలిపితే వారానికి ఆరున్నర గంటలు. ఛార్టులు ఒక్కటే ఎనిమిది గంటలు! నువ్వు లెక్కల పుస్తకం తెరవాల్సిన వేళని, కంటినిండా నిద్రపోవాల్సిన వేళని తినేస్తున్నవి ఎక్కువగా ఆ ఛార్టులే. అందులోనూ సగం పక్కవాళ్లవి.

కాబట్టి మొట్టమొదట అది ఆపు. నీ సొంత ప్రాజెక్టుకి తప్ప ఇంకెవరికీ రాయకు. గొడవ పడక్కర్లేదు. "ఇంట్లో పదింటికి పడుకోమన్నారే, గీతలు ఎలా కొట్టాలో ఇంటర్వెల్లో చూపిస్తాను, నువ్వే రాసుకో" అని చెప్పు. ఒకరిద్దరు మూతి ముడుస్తారు. రెండు వారాలకి వాళ్లే రాసుకుంటారు.

నేను గుణుపురంలో ఇరవై ఎనిమిదేళ్లు సైన్సు చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఇలాంటి పిల్ల ఒకతె ఉండేది. నెమ్మదస్తురాలు, చక్కని దస్తూరీ, అడిగితే కాదనదు. ఎగ్జిబిషన్ రోజున ఛార్టు ముందు నిలబడి మాట్లాడేది ఇంకొకరు, రాసిన పిల్ల పక్కన నిలబడి స్కేలు పట్టుకుని చూపించేది. ఆ పిల్లల్లో కొందరిని సమయానికి ముందుకు తీసుకురాలేకపోయానని నాకు ఇప్పటికీ బాధ ఉంది. నువ్వు అడిగావు కాబట్టి నీకైనా చెప్పగలుగుతున్నాను. ఛార్టులు నీ మీద ఎందుకు పడ్డాయో నీకూ తెలుసు. మాట్లాడితే నవ్వుతారు అన్న వాక్యం వెనకాలే దస్తూరీ వాక్యం రాశావు. ఆ ఒడియా సంగతికి వస్తాను. ముందు వదిన మాట తేల్చుకుందాం.

మీ వదిన చెప్పింది తన ఊరికి నిజం. అక్కడ చాలా కాలేజీలకి ఉమ్మడిగా నడిచే కామన్ యాప్ అనే దరఖాస్తులో చదువు కాక ఇంకేం చేశావో రాయడానికి పది దాకా గళ్లు ఉంటాయి. కీ క్లబ్ 1925లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో హైస్కూల్లో మొదలైంది. వెనక కివానిస్ అనే సేవాసంస్థ పెద్దలు ఉంటారు గానీ, అధ్యక్షుణ్ణీ కార్యదర్శినీ పిల్లలే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. నేషనల్ ఆనర్ సొసైటీ 1921 నాటిది. దానిలోకి తీసుకునేటప్పుడు మొదట మార్కులు ఒక స్థాయి దాటాయా లేదా చూస్తారు, ఆ తర్వాతే సేవ, నాయకత్వం, నడవడిక. చదువు జారితే అక్కడా చోటు ఉండదన్నమాట. ఈ సంగతి నాన్నగారికి చెప్పు, ఆయనకి నచ్చుతుంది.

మన దగ్గర లెక్క వేరు. ఇంజనీరింగ్‌కి జేఈఈ, డాక్టరీకి నీట్. ఆ ర్యాంకుల్లో ఏ క్లబ్‌కీ అర మార్కు కలపరు. ఈ నిజం దాచి, సర్టిఫికెట్లు ఎప్పటికైనా పనికొస్తాయని నిన్ను ఊరించడం నాకు ఇష్టం లేదు. కాగితం కోసమే అయితే నాన్నగారు చెప్పినట్టు మూడూ మానేయవచ్చు. అయినా నేను మూడూ మానమనడం లేదు. ఒకటే మానమంటున్నాను.

ఎకో క్లబ్ మానెయ్. కేంద్ర పర్యావరణ శాఖ 2001లో నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో స్కూళ్లలో ఈ క్లబ్బులు పెట్టించింది. బాగా నడిచే చోట పిల్లలు స్కూలు చెత్త తూచి వేరు చేస్తారు, కంపోస్టు గుంట తవ్వుతారు, బావి నీళ్లు పరీక్షిస్తారు. మీ దగ్గర జరిగింది నాటిన రోజు ఫొటో, ఆ తర్వాత నీ భుజానికి బకెట్. అయితే మొక్కలని ఎండగట్టి మాత్రం రావద్దు. ఎనిమిదో తరగతిలో నలుగురిని చూడు, ఒక్కొక్కరికి రెండేసి మొక్కలు పేరు పెట్టి అప్పగించు, రెండు ఆదివారాలు పక్కన నిలబడు, టీచర్‌కి చెప్పి బయటికి రా. సేవ వదిలేశానని బెంగ వద్దు. ప్లస్ టూలో ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం, ఉంటుంది. గాంధీగారి శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలతో మొదలైన పథకం అది. ఏడాదికి 120 గంటల పని, ఊళ్లో వారం రోజుల క్యాంపు. అప్పటికి నీకు ఒంట్లో బలం, నోట్లో మాట రెండూ ఇంకా పెరిగి ఉంటాయి.

గైడ్స్ ఉంచుకో. వారానికి రెండు గంటలే, పైగా మెట్లున్న పని. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ, తృతీయ, ఆపైన రాజ్య పురస్కార్. ఒక్కో మెట్టుకీ నెలలు పడుతుంది, మధ్యలో వదిలితే మెట్టు దగ్గరే ఆగిపోతావు. ముడులు, కట్లు, కట్టెల పొయ్యి మీద వంట, ప్రథమ చికిత్స. ఇవి ఎందుకో 2018లో నేను కళ్లారా చూశాను. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మీ గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడ్డాయి, వంశధార పొంగింది. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి, గుర్తుందో లేదో. మా వైపు ఒక బడిలో తలదాచుకున్నవాళ్లలో చిన్నపిల్లలకి విరేచనాలు మొదలయ్యాయి. దారులు తెగిపోయాయి, కరెంటు లేదు, మందుల కొట్లు మూత. పెద్దవాళ్లం ఎవరికి కబురు చేయాలా అని చూస్తుంటే, తొమ్మిదో తరగతి గైడ్ పిల్ల ఒకతె నీళ్లు కాచి చల్లార్చింది. లీటరు నీళ్లకి చదునుగా కొలిచిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కలిపి, ఒక్కో బిడ్డకీ చెంచాతో కొంచెం కొంచెంగా, వాంతి అయితే కాసేపు ఆగి మళ్లీ, రాత్రంతా పట్టించింది. తల్లులకి చేతులు పట్టుకుని చూపించింది. మర్నాడు మధ్యాహ్నానికి నర్సమ్మ వచ్చి చూసి, ఇలాగే పట్టించండి అంది. ఉప్పూ పంచదారా కలిస్తే పేగు నీటిని ఎలా పీల్చుకుంటుందో క్లాసులో బోర్డు మీద రాసింది నేను. ఆ రాత్రి చెంచాతో కొలిచింది ఆ పిల్ల. మన జిల్లాల్లో తుపాను మళ్లీ వస్తుంది తల్లీ. నీకూ ఆ కొలత చేతిలో ఉండాలి.

ఇక సైన్స్ కాంగ్రెస్. నీ మనసు దీని మీదే ఉందని నీ ఉత్తరం చెబుతోంది. కానీ మీరు చేస్తున్నది ప్రాజెక్టు కాదమ్మా, నకలు. 1993 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమం పదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లల కోసం. అందులో అడిగేది ఒక్కటే. మీ ఊళ్లో మీరే వెళ్లి ఒక సంగతి కనుక్కోండి, ఎలా కనుక్కున్నారో రోజువారీగా రాయండి, చెప్పండి. నెట్‌లో దొరికే పేరాలు భువనేశ్వర్‌లో కూర్చున్న పిల్లలు కూడా దించగలరు. మీ ఊరికి ఎదురుగా ఉన్న కొండ మీద ఈ ఏడాది ఎవరు చోళ్లు, అంటే రాగులు, వేశారు, ఎవరు సామలు మానేశారు అన్నది అక్కడివాళ్లకి తెలియదు. నీకు తెలుసుకునే వీలుంది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల కోసం మిల్లెట్స్ మిషన్ మొదట పెట్టిన జిల్లాల్లో గజపతి ఒకటి. మీరు ఒడియాలో మాండియా అని రాస్తున్నది మన అమ్మమ్మల చోళ్లే. అది తిరిగి పళ్లెంలోకి వచ్చిందా, వస్తే ఎవరి పళ్లెంలోకి, రాకపోతే దంచడం కష్టమని మానేశారా, కొనేవాళ్లు లేక మానేశారా? ఇరవై ఇళ్లు అడిగితే చాలు, మీ దగ్గర ఎవరి దగ్గరా లేని కాగితం ఉంటుంది. టీములో ఎవరైనా "నెట్‌లో ఉందిగా" అంటే, నెట్‌లో ఉన్నది ఒక పేజీ పెట్టనియ్యి. మిగతా పేజీలు మీరు అడిగి తెచ్చినవి ఉండాలి.

అడగాలంటే మాట్లాడాలి. ఇప్పుడు ఒడియా దగ్గరికి వద్దాం.

పిల్లలు నవ్వేది నీ తెలివిని చూసి కాదు, ఒక చిన్న అచ్చుని చూసి. ఒడియా అక్షరాల్లో మనం 'అ' అని చదివేది వాళ్ల నోట 'ఒ' కి దగ్గరగా పలుకుతుంది. నువ్వు నీళ్లని 'జల' అంటావు, వాళ్లు 'జొళొ' అంటారు. మాట ఒకటే కావడం వల్లే నీకు తేడా చెవిన పడలేదు. మంచి సంగతి ఏమిటంటే మాట చివర అచ్చు నిలిపి పలకడం, 'ళ' పలకడం, హిందీ మాట్లాడే పిల్లలకి కష్టమయ్యే ఈ రెండూ మనకి ఉయ్యాల నాటి నుంచీ ఉన్నవే. నువ్వు సరిచేసుకోవాల్సింది నువ్వు భయపడుతున్నదానికంటే చాలా తక్కువ. ప్రాజెక్టులో రెండు నిమిషాల మాట నీది చేసుకో. ఆ మాటలు ఒడియా లిపిలో కాకుండా తెలుగు అక్షరాల్లో, వినబడినట్టుగా, ఒత్వాలు పెట్టి రాసుకో. నవ్వని ఒడియా స్నేహితురాలు ఒకతె ఉంటుంది, ప్రతి క్లాసులోనూ ఉంటుంది. ఇంటర్వెల్లో ఆమెకి అప్పజెప్పు. వారం రోజులు చాలు. స్టేజి మీద తడబడితే తడబడు. మాట ఆగిన చోట ఊపిరి తీసుకుని మళ్లీ అదే వాక్యం మొదలుపెట్టు.

మీ ఊరి మాస్టారు ఒకరు ఇదే పని ఎంత దూరం తీసుకెళ్లారో నీకు తెలిసే ఉంటుంది. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బడికి పాఠం చెప్పడానికి వచ్చినప్పుడు ఆయనకి పదిహేడేళ్లు, నీకంటే మూడేళ్లు పెద్ద. సవరల భాష నేర్చుకోవాలనిపించి, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా అడిగి రాసుకున్నారు. తర్వాత సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినంగా జరుపుకుంటాం, తెలుగు కోసం ఆయన చేసినదాన్ని తలుచుకుంటాం. మీ ఊరి పిల్లలు ఆ సవర మాటల నోటుపుస్తకాన్ని కూడా తలుచుకోవాలని నా కోరిక.

లెక్కల గురించి ఒక మాట. 51 రావడానికి ఛార్టులే కాదు, ఇంకో కారణం ఉండవచ్చని నా అనుమానం. మనం కారణాంకం అనేదాన్ని ఒడియాలో గుణనీయక అంటారు. తెలుగు మీడియంలో చదివిన పిల్ల ఆ మాట వింటే గుణిజం అనుకుంటుంది, లెక్క మొత్తం తలకిందులవుతుంది. మన గుణిజం వాళ్లకి గుణితక. సమీకరణం, త్రిభుజం లాంటివి రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి అన్నీ ఒకటే అనుకుని మోసపోతాం. ఒక చిన్న పుస్తకంలో ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఒడియా మాట రాసుకో. ఏడో తరగతి నుంచి మొదలుపెట్టు. పోయిన పరీక్ష పేపరు తీసి, తప్పయిన ప్రతి లెక్కా రాక తప్పిందా, మాట అర్థం కాక తప్పిందా చూసుకో. ఛార్టులు మానితే మిగిలిన నాలుగు రాత్రుల్లో గంట చొప్పున దీనికి పెట్టు, మిగతా గంట నిద్రపో. ట్యూషన్ కావాలా వద్దా అన్నది ఆ పేపరు చూశాక తేలుతుంది. కావాలని తేలితే వెళ్లు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

నాన్నగారు. ఆయనతో వాదించకు. కొట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే మనిషి కూతురు పైకి రావాలని కాక ఇంకేం కోరుకుంటారు? సాయంత్రాలు చీకటి పడ్డాక ఇంటికొస్తున్నావన్న బెంగ కూడా ఉండి ఉంటుంది, నీతో అని ఉండరు. ఆయన కొట్టు లెక్క రాసే మనిషి, కాబట్టి లెక్క చూపించు. నేను కూడినట్టే నువ్వూ ఆయన ముందు కూర్చుని కూడు. ఎకో క్లబ్ మానేశాను, ఛార్టులు మానేశాను, వారంలో ఇన్ని గంటలు వెనక్కి వచ్చాయి అని చెప్పు. మూడు సాయంత్రాల ప్రాజెక్టు పనిలో రెండింటిని ఖాళీ అయిన ఆదివారం పొద్దుటికి మార్చమని టీచర్‌ని అడుగు. వచ్చే పరీక్షలో లెక్కలు 70 దాటకపోతే గైడ్స్ కూడా కొన్నాళ్లు ఆపుతానని మాట ఇవ్వు, ఇస్తే నిలబెట్టుకో. పదో తరగతిలో దసరా సెలవులు దాటాక బోర్డు పరీక్ష అయ్యేవరకూ ఏ క్లబ్బూ వద్దని కూడా ఇప్పుడే చెప్పేయ్.

దాంతో పాటు ఇంకొకటి చెయ్యి. నీ ప్రాజెక్టుకి ఒడియా వచ్చినవాళ్లు టీములో ఉన్నారు, తెలుగు నీకు వచ్చు. సవర వచ్చిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు! మీ టీచర్‌కైనా అంత సులువుగా దొరకని మనిషి. సంత రోజున ఒక రెండు గంటలు కొట్లో ఆయన పక్కన కూర్చుంటానని అడుగు. కొండ దిగి వచ్చే ఆడవాళ్లకి ఎంత తొందరో ఆయనకి తెలుసు, ఎప్పుడు అడగాలో ఆయన్నే చెప్పమను. ఎందుకు అడుగుతున్నావో ముందు సవరలో చెప్పించు, ఇష్టం లేదంటే వదిలెయ్, ఫోన్ తీసి ఫొటోలు కొట్టకు. మాట్లాడినవాళ్లకి మంచినీళ్లు ఇవ్వు. ఐదు ప్రశ్నలు మించకుండా చూసుకో.

ఎవరూ రాకముందు, కొట్టు తెరిచి నాన్నగారు తక్కెడ తుడుచుకుంటున్నప్పుడు, మొదటి ప్రశ్న ఆయన్నే అడుగు. మీరు ఈ కొట్లో కూర్చున్న కొత్తలో కొండవాళ్లు ఏయే గింజలు తెచ్చి అమ్మేవారు నాన్నా, వాటిలో ఇప్పుడు రానివి ఏవి? ఆయన చెబుతుంటే మధ్యలో ఆపకు. తేదీ వేసి, ఆయన అన్న మాటల్లోనే రాసుకో.